ముందే చేరిపోయిన పైడిరాజు

విశాఖపట్నానికీ డిబ్రూగఢ్‌కీ మధ్య గాలిలో దూరం పదహారు వందల ఇరవై ఆరు కిలోమీటర్లు. విమానంలో రెండు గంటల రెండు నిమిషాల ప్రయాణం. ఆ రెండు ఊళ్ల మధ్య నేరుగా నడిచే విమానం మాత్రం లేదు. మొదటి రెండు వాక్యాలూ మా మండలి రికార్డుల్లో ఉన్నాయి. మూడోది ఎక్కడా లేదు. దాన్ని రాసుకోవడానికి ఫారంలో గడి పెట్టలేదు.

మాది జాతీయ గోనెసంచుల నాణ్యతా మండలి. దేశంలో ఎక్కడ గోనెసంచి కుట్టినా, అంగుళానికి ఎన్ని పోగులున్నాయో భూతద్దం పెట్టి లెక్కపెట్టి ముద్ర వెయ్యడం మా పని. నవ్వకండి. మీరు తినే బియ్యం దారిపొడుగునా కారిపోకుండా మీ ఇంటిదాకా వస్తున్నాయంటే అందులో మా చలవ కొంత ఉంది. నా పేరు వరహాలరావు. విశాఖపట్నం ప్రాంతీయ కార్యాలయంలో ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షను సూపరింటెండెంటుని. వాళ్లు పోగులు లెక్కపెడతారు, నేను వాళ్లని లెక్కపెడతాను. ముప్ఫై ఒక్కేళ్లుగా నా లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు. ఈ కథ జరిగిన నెలలో తప్ప.

పోయిన వేసవిలో ఢిల్లీలోని మా ప్రధాన కార్యాలయానికి కొత్త డైరెక్టరు గారు వచ్చారు. ఆయనకి ఇంటర్నెట్టులో ఒక సైటు దొరికింది. రెండు ఊళ్ల పేర్లు కొడితే చాలు, ఆ రెండు విమానాశ్రయాల మధ్య ఎంత దూరమో, ఎంతసేపు పడుతుందో చటుక్కున చెప్పేస్తుంది. అక్కడ విమానం దిగుతుందా, ఎగురుతుందా అన్న గొడవ దానికి లేదు. డైరెక్టరు గారు ఒక పూటంతా ఊళ్ల పేర్లు కొడుతూ కూర్చున్నారట. భోజనానికి కూడా లేవలేదని అంటారు. సాయంత్రానికి ఆయనకి జ్ఞానోదయం అయింది. దేశం ఇంత చిన్నదైతే, బదిలీ అయిన ఉద్యోగికి కొత్త చోట చేరడానికి పది రోజుల గడువు ఎందుకిస్తున్నాం?

వారం తిరక్కుండా సర్క్యులరు వచ్చింది. అందులో ముఖ్యమైన ముక్క ఇది:

"బదిలీ అయిన ఉద్యోగి పాత కార్యాలయమునుండి రిలీవు అయిన క్షణము మొదలుకొని, ఉభయ కార్యాలయములకు సమీపముననున్న విమానాశ్రయముల నడుమ గల ఋజురేఖా దూరమును గంటకు ఎనిమిది వందల కిలోమీటర్లచే భాగించగా వచ్చిన కాలము ముగిసిన వెంటనే, సదరు ఉద్యోగి నూతన కార్యాలయమున చేరినట్లు పరిగణించబడును. విమానము ఉన్నదా, ఉన్నచో ఎక్కినాడా అనునవి ఉద్యోగి యొక్క వ్యక్తిగత విషయములు."

ఆరో పేరాలో ఇంకో ముక్క కూడా ఉంది. ఉద్యోగికి అప్పగించిన పని మీద సాయంత్రం అయిదు లోపల ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే ఆ పని పూర్తయినట్లేనని. దీనికంతటికీ ఒక సాఫ్ట్‌వేరు తయారుచేయించి అన్ని ఆఫీసులకీ బిగించారు.

మా రీజనల్ మేనేజరు వామనమూర్తి గారు ఆ సర్క్యులరుని నిలబడి చదివారు. మేము కూడా నిలబడవలసి వచ్చింది.

"దూరాన్ని జయించామండీ!" అన్నారాయన చివర్న, కళ్లజోడు తుడుచుకుంటూ. "ఇక మన మండలిలో ప్రయాణం అనేది ఉండదు. చేరిక మాత్రమే ఉంటుంది."

ఆ నియమం కింద మా ఆఫీసుకి మొట్టమొదట చేరినవాడు పైడిరాజు. డిబ్రూగఢ్ ఆఫీసులో నాలుగేళ్లు పోగులు లెక్కపెట్టి, బతిమాలి బామాలి విశాఖకి బదిలీ వేయించుకున్నాడు. సోమవారం పొద్దున్న పదిన్నరకి అక్కడ రిలీవు చేశారు. మధ్యాహ్నం పన్నెండూ ముప్ఫై రెండుకి నా కంప్యూటరు టింగుమంది. "శ్రీ పైడిరాజు, పరిశీలకుడు, విధులలో చేరిరి." నేను అలవాటుకొద్దీ తలుపు వంక చూశాను.

"సిస్టమ్ చెబుతుంటే తలుపు వంక చూస్తారేమిటండీ వరహాలరావు గారూ?" అన్నారు వామనమూర్తి గారు. అప్పటికే ఆయన చేతిలో పూలగుత్తి ఉంది. దాన్ని కిటికీ పక్కన ఖాళీగా ఉన్న కుర్చీలో పెట్టి, నమస్కారం పెట్టి, ఫొటో తీయించుకున్నారు. ఫొటోలో ఆయనా, కుర్చీ ఇద్దరూ చక్కగా పడ్డారు.

ఆ మధ్యాహ్నమే సిస్టమ్ పైడిరాజుకి నలభై శాంపిల్ సంచులు అప్పగించింది. అయిదింటి దాకా ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. చెప్పడానికి ఏముంది కనక? పని పూర్తయింది. మంగళవారం నలభై, బుధవారం నలభై. మా సెక్షనులో మిగతావాళ్లు కళ్లు చికిలించుకుని రోజుకి పన్నెండు దాటించలేరు.

"ఆ కొత్తాయన్ని చూసి నేర్చుకోండయ్యా!" అని వామనమూర్తి గారు అందరికీ వినపడేలా చెప్పారు. "టీకి లేవడు. ఫోను చూడడు. పక్కవాడితో ఒక్క మాట మాట్లాడడు. మనిషంటే అలా ఉండాలి."

గురువారం పదకొండింటికి అసలు పైడిరాజు వచ్చాడు.

రెండు రేకు పెట్టెలు, ఒక హోల్డాలు, మూడు రోజుల గడ్డం. ముప్ఫై నాలుగేళ్లుంటాయేమో. మూడు రాత్రులూ రెండు పగళ్లూ రైల్లో కూర్చుని వచ్చినవాడి కాళ్లు ఎలా ఉంటాయో అలాగే ఉన్నాయి. చేతిలో అందరికీ పంచడానికి అస్సాం టీపొడి పొట్లాలు. నాకొకటి ఇచ్చి జాయినింగ్ రిపోర్టు కాగితం తీశాడు.

"ఆలస్యం అయిపోనాదండి. ఒరిస్సాలో బండి ఆరు గంటలు నిలబెట్టీసేడు," అన్నాడు నొచ్చుకుంటూ.

నేను పేరు కొట్టాను. "ఈ ఉద్యోగి ఇప్పటికే చేరియున్నారు" అంది సిస్టమ్. మళ్లీ కొట్టాను. మళ్లీ అదే అంది. ఈలోగా పైడిరాజు కాస్త కూర్చుందామని కిటికీ పక్క కుర్చీ వైపు వెళ్లాడు.

"ఆగండి!" అని కేక వినపడింది. వామనమూర్తి గారు గదిలోంచి పరుగులాంటి నడకతో వచ్చారు. "అది పైడిరాజు గారి సీటు."

"నానే సార్ పైడిరాజుని."

"కావచ్చు. కానీ ఆయన సోమవారమే చేరారు. ఒక మనిషి ఒక ఉద్యోగంలో రెండుసార్లు చేరడానికి నిబంధనల్లో వీలు లేదు. పైగా ఆయన మీద ఇంతవరకూ ఒక్క ఫిర్యాదు లేదు. మీరు చూడబోతే మూడు రోజులు ఆలస్యంగా వస్తున్నారు."

"నాను రైలు మీద ఒచ్చేనండి. ఇమానం లేదు కదండి."

"అది మీ వ్యక్తిగత విషయం," అన్నారు వామనమూర్తి గారు, సర్క్యులరు కంఠతా వచ్చినవాడిలా. "మీ విన్నపాన్ని పరిశీలనకు పంపుతాం. అంతవరకు ప్రతి పనిదినమూ పదింటికి వచ్చి సందర్శకుల బల్ల మీద కూర్చోవాలి. రాకపోతే విన్నపం మూసివేయబడుతుంది. అప్పుడు మీరు ఉద్యోగం వదిలి పారిపోయినట్లు పరిగణించవలసి వస్తుంది."

"పారిపోయింది ఎవరండి? ఆ చేరినాయనా, నానా?"

"మీరే. ఆయన పారిపోయే రకం కాదు."

అలా పైడిరాజు సందర్శకుడయ్యాడు. రోజూ గేటు దగ్గర చీటీ రాయించుకోవాలి. 'కలువవలసిన వ్యక్తి' అన్న చోట పైడిరాజు అనీ, 'వచ్చిన పని' అన్న చోట చేరుట అనీ వాచ్‌మన్ రాసేవాడు. బల్ల మీద కూర్చుని పొద్దస్తమానం ఫోను చేతిలో పట్టుకుని చూస్తూ ఉండేవాడు. సాయంత్రం అయిదు కాగానే విజయనగరం బండి అందుకోవడానికి పరిగెత్తేవాడు. నాలుగో రోజున ఉండబట్టలేక అడిగాను, ఆ ఫోనులో ఏముందయ్యా అని.

"మా ఆవిడ హైమకి నెలలు నిండేయండి. బీపీ ఎక్కువుందని ఆస్పటల్లో ఉంచేరు. డాట్టరమ్మ ఒచ్చే వారం గురువారం అన్నాది." ఫోను జేబులో పెట్టాడు. "రెండేళ్ల కిందట ఏడో నెలలో ఒకటి పోనాదండి. ఫోనొచ్చీసరికి నాను డిబ్రూగఢ్‌లో ఉన్నాను. బయల్దేరి ఒచ్చీసరికి మూడు రోజులు పట్టీసింది. అప్పటికి అన్నీ అయిపోనాయి. మా మావయ్య ఒక్కడే తీసుకెళ్లి పూడ్చీసి ఒచ్చేడట. హైమ అడిగింది, ఎందుకంత ఆలస్యం అని. ఏటి చెప్తాను? ఈసారి పక్కనుంటానని మాటిచ్చేను. అందుకే సార్ ఆ బదిలీకి అన్ని దండాలు పెట్టేను."

మా రికార్డుల్లో రెండు గంటల రెండు నిమిషాలని నేనే కదా రాసుకున్నాను. నాకు ఆ సంఖ్య మీద ఆ రోజు అసహ్యం పుట్టింది. అయినా నేను సూపరింటెండెంటుని. కాగితం తీసి పితృత్వ సెలవుకి దరఖాస్తు రాయించాను. పదిహేను రోజులు, హక్కుగా వచ్చేవి.

వామనమూర్తి గారు దరఖాస్తుని రెండువైపులా చూశారు.

"సెలవు ఎవరికి?"

"పైడిరాజుకండి."

"పైడిరాజు గారు ఇవాళ హాజరు. నిన్న హాజరు. ఇప్పుడు కూడా విధుల్లో ఉన్నారు. ఆయనగా సెలవు కోరలేదు. కోరని వ్యక్తికి బలవంతంగా సెలవు ఇవ్వడం వేధింపు కిందికి వస్తుందండీ వరహాలరావు గారూ. ఇంతకీ ఆయన తరఫున అడగడానికి ఈయనకి అధికార పత్రం ఉందా?"

అధికార పత్రం కూడా రాయించాను. ముప్ఫై ఒక్కేళ్లలో అలాంటి కాగితం నా చేతుల మీదుగా వెళ్లలేదు. "పైడిరాజు అను నేను, నా సెలవు విషయమై నా తరఫున సంప్రదించుటకు పైడిరాజు అను వ్యక్తికి సంపూర్ణాధికారము ఇచ్చుచున్నాను." ఇచ్చువాడు, పుచ్చుకొనువాడు అని రెండు చోట్లా అతనే సంతకం పెట్టాడు. వామనమూర్తి గారు ఆ సంతకాన్ని సిస్టమ్‌లో సరిచూశారు. సిస్టమ్‌లో చేరిన పైడిరాజు ఏనాడూ సంతకం పెట్టలేదు. కాబట్టి సంతకాలు సరిపోలలేదు.

"ఇది చిన్న విషయం కాదు," అన్నారాయన గొంతు తగ్గించి. "ఫోర్జరీ. నేను మంచివాణ్ని కనక చూడనట్లు ఊరుకుంటున్నాను."

అప్పుడు పైడిరాజు లేచాడు. అంతవరకూ అతని గొంతు పెరగ్గా నేను వినలేదు. "నా పెళ్లాన్ని నాను చూసుకోడానికి నన్ను నానే అడుక్కోవాలా సార్? ఆ చేరినోడెవడో ఒకసారి బయటికి పిలవండి. ఆడి కాళ్లయినా పట్టుకుంటాను."

"ఆయన పనిలో ఉన్నారు," అన్నారు వామనమూర్తి గారు నిజంగానే నొచ్చుకుని. "ఇప్పుడు పిలవడం బాగుండదు."

శుక్రవారం ఇంకో పిడుగు పడింది. గుజరాత్‌లో భుజ్ ఆఫీసు నుంచి ప్రధాన కార్యాలయానికి ఉత్తరం వెళ్లిందట, అక్కడ శాంపిళ్లు గుట్టలు పడ్డాయి, దేశంలోకెల్లా చురుకైన పరిశీలకుణ్ని పంపమని. సిస్టమ్ వెదికింది. రోజుకి నలభై, గైర్హాజరీ సున్నా, టీ విరామం సున్నా. "శ్రీ పైడిరాజు, విశాఖపట్నం" అని తేలింది. వామనమూర్తి గారికి ఆ మనిషిని వదులుకోవడం ఇష్టం లేదు, కానీ దేశం కోసం ఒప్పుకున్నారు. సోమవారం పదిన్నరకి రిలీవింగ్ ఆర్డరు. భుజ్‌కి దూరం పదిహేను వందల నలభై ఒక్క కిలోమీటర్లు, ఒక గంటా యాభై ఆరు నిమిషాలు.

సోమవారం ఖాళీ కుర్చీకి శాలువా కప్పి వీడ్కోలు సభ చేశాం. వామనమూర్తి గారు పది నిమిషాలు మాట్లాడారు. లడ్డూ, మిక్చరు పంచారు. సందర్శకుల బల్ల మీద కూర్చున్న పైడిరాజుకి కూడా ఒక పొట్లం అందింది. అతను దాన్ని విప్పలేదు.

సభ అయ్యాక నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"నాను భుజ్ ఎల్లాలా సార్? మూడు రోజుల ప్రయాణం. ఎల్తే గురువారానికి హైమ దగ్గిరుండను. ఎల్లకపోతే ఉజ్జోగం పోతాది. ఉజ్జోగం పోతే పుట్టిన పిల్లకేటి పెట్టను?"

పన్నెండూ ఇరవై ఆరు అయ్యేదాకా ఆగి, భుజ్ ఆఫీసు సూపరింటెండెంటుకి ఫోను చేశాను. నా హిందీ అంతంతమాత్రం, ఆయన హిందీ నాకన్నా నయం కాదు. పైడిరాజు చేరాడా అని అడిగాను. ఇప్పుడే చేరారండీ, ఫాను కింద సీటు ఇచ్చాం, చాలా నెమ్మదస్తుడిలా ఉన్నారు అన్నాడు. అలాగా, మరి రైల్లో కూడా ఒక పైడిరాజు బయల్దేరి వస్తే ఏం చేస్తారని అడిగాను.

"దయచేసి పంపకండి," అన్నాడాయన. "మొన్న కొచ్చి నుంచి అలాగే ఒకాయన వచ్చాడు. మూడు వారాలుగా వరండాలో కూర్చున్నాడు. మా దగ్గర బల్లలు కూడా లేవు."

ఫోను పెట్టేసి పైడిరాజుని దగ్గరికి పిలిచాను.

"చూడు నాయనా. నువ్వు భుజ్‌లో ఉన్నావు. ఇక్కడ మా రికార్డులో లేవు. ఇక్కడ రోజూ బల్ల మీద కూర్చోవలసినవాడు విశాఖలో చేరాలనుకున్న పైడిరాజు. ఆ పోస్టే ఇప్పుడు ఇక్కడ లేదు. కాబట్టి ఆ విన్నపం దానంతటదే రద్దయిపోయింది. నేనే ఫైలు మూసేస్తాను, ఆ అధికారం నాకుంది. ఇక నువ్వు ఎక్కడికీ రానక్కర్లేదు. భుజ్‌లో నీ హాజరు రోజూ పడుతుంది. పని రోజూ పూర్తవుతుంది. నువ్వు వెళ్తేనే వాళ్లకి ఇబ్బంది."

"మరి నానెక్కడికెల్లాలండి?" అన్నాడు అయోమయంగా.

"విజయనగరం."

అతను నమ్మలేదు. తప్పు కదా సార్ అన్నాడు. నాలుగేళ్లు ఒక్క పోగు తప్పు లెక్కపెట్టనివాడు, ఆ మాట అనక ఏం చేస్తాడు? అప్పుడు నేను ఎవరికీ చెప్పని సంగతి ఒకటి అతనికి చెప్పాను.

మా అబ్బాయి పుట్టిన రోజున నేను ఈ కుర్చీలోనే ఉన్నాను. ఆసుపత్రి ఇక్కడికి మూడు కిలోమీటర్లు. ఆ రోజు ఆడిట్ వాళ్లు వచ్చారు. మా బావమరిది మూడుసార్లు కబురు పంపాడు. ఫైలు మధ్యలో లేస్తే బాగుండదని నేను కదల్లేదు. ఆడిట్ వాళ్లు మెచ్చుకుని వెళ్లారు. సాయంత్రం ఆరున్నరకి నేను వెళ్లేసరికి పిల్లాణ్ని ఊళ్లోవాళ్లందరూ ఎత్తుకోవడం అయిపోయింది. మా ఆవిడ ఆ రోజు నన్నేమీ అనలేదు. ఇరవై ఆరేళ్లుగా ఏమీ అనలేదు. ఆ ఆడిట్ దేని గురించో నాకిప్పుడు గుర్తు లేదు.

"వెళ్లవయ్యా," అన్నాను. నా గొంతు కొంచెం గట్టిగానే వచ్చిందేమో, టైపిస్టు తలెత్తి చూసింది. పైడిరాజు లడ్డూ పొట్లం నా బల్ల మీద పెట్టి, గబగబా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

గురువారం పదకొండూ ఇరవైకి ఫోను చేశాడు. ఆడపిల్ల. తల్లీ పిల్లా కులాసా. కాన్పుగదిలోకి తీసికెళ్లేదాకా హైమ అతని చెయ్యి వదల్లేదట. అతను ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో నాకు తెలియలేదు. నేను కంప్యూటరులో భుజ్ ఆఫీసు తీసి చూశాను. శ్రీ పైడిరాజు, హాజరు. శాంపిళ్లు నలభై ఏడు. ఆ సంఖ్య చూసి మొట్టమొదటిసారి నాకు మా సిస్టమ్ మీద ప్రేమ కలిగింది.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. కానీ బిడ్డ పేరు సర్వీసు రిజిస్టరులోకి ఎక్కాలి, లేకపోతే మండలి ఆసుపత్రి కార్డు రాదు. పుట్టిన తేదీ సర్టిఫికెట్టు జతచేసి నేనే భుజ్‌కి పంపాను. భుజ్ వాళ్లు ఢిల్లీకి పంపారు. ఢిల్లీలో డైరెక్టరు గారి కంట పడింది. ఆయన ఆ తేదీని హాజరు పట్టీతో పక్కపక్కన పెట్టి చూశారట. నేను రెండు వారాలు నిద్రపోలేదు. పట్టుబడ్డామనీ, పైడిరాజు ఉద్యోగం నా చేతులారా పోగొట్టాననీ అనుకున్నాను.

నెల తిరిగాక మండలి వార్షికోత్సవం వచ్చింది. ఢిల్లీలో సభ, అన్ని ఆఫీసుల్లోనూ తెర మీద ప్రసారం. మా ఆఫీసంతా మీటింగు హాల్లో కూర్చున్నాం. చైర్మన్ గారు దీపం వెలిగించారు. తరవాత డైరెక్టరు గారు లేచి, ఈ యేటి ఆదర్శ ఉద్యోగి పురస్కారం ప్రకటిస్తున్నామని చెప్పి ప్రశంసాపత్రం చదివారు.

"రెండు బదిలీలలోనూ నిమిషమైనా ఆలస్యము చేయక చేరిన వాడును, చేరిన క్షణమునుండి ఒక్క దినమైనను సెలవు కోరని వాడును, తన కుమార్తె జన్మించిన దినమున సైతము ఆసనమును వీడక నలుబది యేడు శాంపిళ్లను పరిశీలించి, కుటుంబముకంటె కర్తవ్యమే మిన్న అని దేశమునకు చాటిన వాడును అగు శ్రీ పైడిరాజు..."

పక్కనే వేదిక మీద ఒక కుర్చీ ఉంది. భుజ్ నుంచి ఢిల్లీకి గంటా పది నిమిషాలు, ఆయన పొద్దున్నే వచ్చేశారని ప్రకటించారు. చైర్మన్ గారు ఆ కుర్చీకి శాలువా కప్పి, దండ వేసి, కాసేపు కరచాలనం లాంటిది కూడా చేశారు. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఇక్కడ మేమూ లేచాం.

వామనమూర్తి గారికి కళ్లనీళ్లు ఆగలేదు. జేబురుమాలు తీసి తుడుచుకుంటూ నా వైపు వంగారు.

"బిడ్డ పుట్టిన రోజున కూడా కదల్లేదటండీ! అలాంటి మనిషి ఇప్పుడెక్కడున్నాడో చెప్పండి వరహాలరావు గారూ?"

అరగంట కిందటే విజయనగరం ఫోను చేశాను. పిల్ల రాత్రంతా ఏడ్చిందట, హైమకి ఇప్పుడే కునుకు పట్టిందట. అతను పిల్లని భుజాన వేసుకుని, ఉతికిన గుడ్డలు దండెం మీద ఆరేస్తున్నాడు. తరవాత చేస్తాను సార్, చెయ్యి ఖాళీ లేదన్నాడు.

"విధుల్లో ఉన్నాడండి," అన్నాను.